జనాభా లెక్క, అడవి లెక్క

జనాభా పెరుగుదల పాఠం మేము ఏటా చెబుతాం. 1951లో మన దేశ జనాభా 36 కోట్లు. 2011 నాటికి 121 కోట్లు. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. నేల పెరగదు, నీళ్లు పెరగవు, కాబట్టి మనుషులు తగ్గాలి. పాఠం సారం ఇంతే. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో మార్కులు తెచ్చుకుంటారు.

గోదావరి ఒడ్డున కోయ గూడేల్లో పుట్టి, ఆ గూడేల పిల్లలకే చదువు చెబుతున్న మాకు ఈ పాఠంలో సగమే నిజం కనిపిస్తుంది. ముందు ఆ సగం సంగతి చెబుతాం. మన వాళ్లలో కొందరు దాన్ని కూడా ఒప్పుకోరు.

మా తాతల కాలంలో ఒక గట్టు మీద రెండు మూడేళ్లు పోడు చేసి, తర్వాత ఏళ్ల తరబడి దాన్ని అడవికి వదిలేసేవారు. చెట్లు మళ్లీ లేచేవి, నేల కోలుకునేది. తాత చేసిన ఆ పోడును ఇప్పుడు ఇద్దరు కొడుకులు, వాళ్ల పిల్లలు పంచుకుంటున్నారు. వదిలి వెళ్లడానికి ఇంకో గట్టు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చినా, అది ఆ ముక్కకే. ఏటా అదే నేల దున్నితే మట్టి వానకు కొట్టుకుపోయి రాళ్లు తేలుతున్నాయి. సామలు, జొన్నలు మునుపటిలా పండడం లేదు. నేలకు హద్దు ఉందన్నది నిజం. మన కళ్ల ముందే ఉంది.

ఇక రెండో సగం. చుట్టూ అడవి తరిగింది మా నోళ్లు పెరిగినందుకేనా? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి మీద అధికారం సర్కారు చేతికి పోయింది. రైలు పట్టాల కింద వేసే దిమ్మెలకు పెద్ద చెట్లు పోయాయి. తర్వాత కాగితం మిల్లులకు వెదురు పోయింది. చాలా చోట్ల అడవి ఉన్న నేలలో జామాయిల్ తోటలు లేచాయి. ఆ కలపా, ఆ కాగితం గూడెంలో ఎంత వాడాం? ప్రపంచంలోనూ ఇదే తీరు. భూమిని వేడెక్కించే వాయువుల్లో సుమారు సగం, అందరికంటే ధనికులైన పది శాతం మంది వాడకం వల్లే వస్తున్నాయని లెక్కలు చెబుతున్నాయి. తలలు లెక్కపెట్టే పాఠం ఈ లెక్క చెప్పదు. అందుకే ఎక్కువ మంది పిల్లలున్న పేద తల్లే తప్పు చేసినట్టు కనిపిస్తుంది.

ఆ తల్లి సంగతీ చెప్పాలి. మా అవ్వల కాలంలో ఎనిమిది మందిని కంటే ముగ్గురో నలుగురో బతికేవారు. పోయేవాళ్లు పోగా మిగలాలనే కన్నారు. ఇప్పుడు టీకాలు వచ్చాయి, ఆడపిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో పది దాకా చదువుతున్నారు. వాళ్లు ఇద్దరితో ఆపేస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే కావలసింది 2.1. బిడ్డ బతుకుతాడన్న ధీమా, తల్లికి చదువు ఉంటే కాన్పులు వాటంతట అవే తగ్గుతాయి. తిట్టనక్కర్లేదు, భయపెట్టనక్కర్లేదు.

మరి హద్దు మాటేమిటి? మన పెద్దలకు ఆ మాట తెలుసు. దుంప తవ్వితే తీగ ఉన్న తల ముక్కను మళ్లీ మట్టిలో పెట్టేవారు. కొత్తల పండుగ చేయందే కొత్త మామిడికాయ ముట్టేవారు కాదు. కాయ ముదిరి టెంక గట్టిపడే దాకా చెట్టుకు గడువు దొరికేది. ఇప్పపూలు ఏరుకున్నారే గానీ చెట్టు మీద గొడ్డలి వేయలేదు. ఈ కట్టుబాట్లేవీ ఎంతమంది ఉన్నారని అడగలేదు. ఎంత తీసుకున్నావు, ఏం మిగిల్చావు అని అడిగాయి. వాటిని మన గూడేల్లోనే ఇప్పుడు చాలామంది పాటించడం లేదు. పచ్చికాయకు సంతలో ధర ఉందని గాలానికి ముందే దులిపేస్తున్నాం.

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. జనాభా పాఠం మానొద్దు. దానికి ఒక పని కలపండి. ఒక నెలలో తమ ఇంట్లో ఎంత బియ్యం, ఎంత కట్టె, ఎంత కరెంటు ఖర్చయిందో పిల్లల చేత రాయించండి. పట్నంలో ఉన్న ఒక బంధువు ఇంటి లెక్క కూడా అడిగి రాయమనండి. రెండూ పక్కపక్కన బోర్డు మీద పెట్టండి. ఆ తర్వాత ఎవరు తగ్గాలి, ఏది తగ్గాలి అన్నది పిల్లలే చెబుతారు.