జర చూసి వాలండి!

చిట్టిగిద్ద స్టేషన్లో ప్యాసింజరు రైలు ఆగేది కాసేపే. ఆ కాసేపట్లోనే అన్నీ జరిగిపోవాలి. తలుపు దగ్గర తోపులాట సాగుతుండగానే కిటికీలోంచి ఓ తువ్వాల ఎగిరొచ్చి సీటు మీద పడుతుంది. ఇంకెవరైనా అక్కడ కూర్చోబోతే 'తువ్వాల ఉంది కదన్నా' అంటారు పక్కవాళ్లు. తువ్వాల వేసినాయన ఇంకా ప్లాట్‌ఫామ్ మీదే ఉన్నా సరే... సీటు ఆయనదే! ఏ రైల్వే చట్టంలోనూ ఈ సెక్షన్ కనిపించదు. అయినా అందరూ పాటిస్తారు.

రెండో సూత్రం ఇంకా గొప్పది. ముగ్గురు కూర్చునే బల్ల దగ్గరికి నాలుగో మనిషి వస్తాడు. 'జర జరుగున్రి' అంటాడు. ముగ్గురూ మొహాలు చిట్లిస్తారు. కానీ జరుగుతారు. దొరికేది సగం సీటే అయినా ఆ సగం మీదే శంకర్‌పల్లి, లింగంపల్లి దాటేస్తాడు ఆ నాలుగో మనిషి. మాట కలిస్తే పక్కాయన పొట్లంలోని పల్లీలు కూడా ఆయనకు దక్కుతాయి.

నవాబుపేట మండలంలోని స్టేషన్ ఇది. నవాబుపేట అంటే ఏ నవాబుపేట అని అడిగేవాళ్లుంటారు. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఒకటుంది మరి. ఇది వికారాబాద్ దగ్గరిది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేటకు పోయే దిక్కున, కూరగాయలూ పూలూ పండించి పట్నానికి పంపే పల్లెల మధ్య ఉంటుంది. ఇక ఈ రైలు మార్గానిది నూటయాభై ఏళ్ల చరిత్ర. హైదరాబాద్‌ను వాడి జంక్షన్ దగ్గర బొంబాయి-మద్రాసు లైనుతో కలుపుతూ నిజాం కాలంలో, 1874లో వేసిన దారి. అంటే ఐదారు తరాలుగా ఇక్కడి జనం 'జరుగున్రి' అంటూనే ప్రయాణాలు చేస్తున్నారన్నమాట.

ఇప్పుడు ఈ ఊళ్లవాళ్లు విమానాలూ ఎక్కుతున్నారు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఆకాశం మరింత దగ్గరైంది. శంకర్‌పల్లి మీదుగా వెళ్లి అవుటర్ రింగురోడ్డు ఎక్కితే చాలు. కొడుకు గల్ఫ్‌లోనో, కూతురు అమెరికాలోనో ఉన్న ఇళ్లు ఈ పక్క పల్లెల్లోనూ ఉన్నాయి.

మరి ఆ 'జర జరుగున్రి' విమానంలో పనిచేస్తుందా?

నోరు పెగలని వేళ

ఓ తల్లి ప్రయాణాన్నే తీసుకోండి. కూతురి కాన్పుకు అమెరికా బయల్దేరింది. పెట్టెల్లో తొక్కులు, సకినాలు, పసిబిడ్డకు ఉతికి మెత్తబరిచిన పాత చీర ముక్కలు. నడవగలిగినా వీల్‌చెయిర్ చెప్పించారు పిల్లలు. నడక రాక కాదు, భాష రాక! వీల్‌చెయిర్ ఉంటే తోసేవాళ్లే ఒక గేటు నుంచి ఇంకో గేటుకు చేరుస్తారు కదా. చాలామంది తెలుగు తల్లిదండ్రులకు తెలిసిన ఉపాయమే ఇది.

దుబాయ్ దాకా నాలుగు గంటలు ఎలాగో గడిచిపోతాయి. అక్కడ విమానం మారాక అసలు ప్రయాణం... పద్నాలుగు గంటలు. భోజనం పళ్లెం వస్తుంది. ముందు సీటు వెనక ఉండే చిన్న బల్ల దించుకుని, పెరుగు డబ్బా మీది కాగితం ఎలా చించాలా అని చూస్తుండగా ముందు సీటు ఒక్కసారిగా వెనక్కి వాలుతుంది. నీళ్లు ఒలికి చీర తడుస్తుంది. బల్ల కడుపుకు తగులుతుంది. మోకాళ్లు సీటుకు ఆనుకుపోతాయి. ఆయనేమో హాయిగా కళ్లు మూసుకుని ఉంటాడు, వెనక ఏం జరిగిందో తెలియకుండా.

చిట్టిగిద్దలో అయితే ఆమె ఊరుకునేదా? 'ఏందన్నా, మనుషులు కనవడ్తలేరా' అనేది. ఆయనా సర్దుకునేవాడు. అంతటితో అయిపోయేది. ఇక్కడ మాత్రం నోరు పెగలదు. ఆయనతో ఏ భాషలో మాట్లాడాలి? ఆయన సీటు, ఆయన టికెట్టు, అడిగే హక్కు తనకుందా? 'అమ్మా, విమానంలో ఎవరినీ ఇబ్బంది పెట్టకు' అని ఫోన్లో మరీమరీ చెప్పింది కూతురు. ఆమె సగం అన్నం వదిలేసి, కాళ్లు ముడుచుకుని, తెల్లారేదాకా అలాగే కూర్చుంటుంది.

ఇది అసౌకర్యంతో పోయేది కూడా కాదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణాల్లో కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. భయపడాల్సినంత కాదు, ఆరువేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు అది. అయితే ఊబకాయం ఉన్నవాళ్లకూ, ఇదివరకు గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకూ ఎక్కువ. అందుకే మధ్యమధ్యలో లేచి నడవమనీ, పాదాలు ఆడించమనీ అంటారు డాక్టర్లు. ముందు సీటు ఒళ్లో పడి ఉంటే లేవడమే ఓ సర్కస్.

ఆ బెత్తెడు ఎవరి పట్టా?

ఇంతకీ ఎంత జాగా కోసం ఈ తంటా? ఒక సీటు నుంచి దాని వెనక సీటుకు ఉండే దూరం ఒకప్పుడు ఎకానమీ తరగతిలో 34, 35 అంగుళాలు ఉండేది. ఇప్పుడు చాలా విమానాల్లో 30, 31. కొన్ని చౌక విమానాల్లో 28. సీటు మాత్రం ఒకప్పటిలాగే వాలుతానంటుంది. సాధారణంగా నాలుగు అంగుళాలు, అంటే బెత్తెడు చిల్లర. కంపెనీ జాగా తగ్గించి టికెట్లు పెంచుకుంటే, తగ్గిన జాగా కోసం ముందాయనా వెనకాయనా కొట్టుకుంటారు. ఇద్దరికీ కోపం ఒకరి మీద ఒకరికే గానీ సీట్లు దగ్గరగా జరిపినవాళ్ల మీద రాదు!

పల్లెల్లో గెట్టు పంచాయితీ తెలిసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. బెత్తెడు గెట్టు కోసం అన్నదమ్ములు కోర్టులకెక్కుతారు. కాకపోతే పొలానికి పాసుపుస్తకం ఉంది, సర్వే నంబరు ఉంది, కొలిచే సర్వేయరున్నాడు. ఆకాశంలోని ఈ బెత్తెడు ముందాయన పట్టాలో ఉందా, వెనకాయన పట్టాలో ఉందా? బొత్తం నా చేతి కిందే ఉంది కాబట్టి నాదేనంటాడు ఒకాయన. నా మోకాళ్ల ముందున్న ఖాళీ నాదంటాడు ఇంకొకాయన. ఇద్దరూ డబ్బు కట్టినవాళ్లే.

ఈ పంచాయితీ ఎంతదాకా పోయిందంటే... 2014 ఆగస్టు 24న అమెరికాలో న్యూవార్క్ నుంచి డెన్వర్ వెళ్తున్న విమానాన్ని మధ్యలో షికాగోలో దించేశారు. ముందు సీటు వాలకుండా ఓ ప్రయాణికుడు ప్లాస్టిక్ క్లిప్పులు బిగించాడు. ముందున్నామె తిరిగి అతని మీద నీళ్లు పోసింది. ఇద్దరినీ దింపాకే విమానం మళ్లీ ఎగిరింది. ఆ క్లిప్పుల పేరు 'నీ డిఫెండర్'. 'నీ' అంటే ఇక్కడ మోకాలు. 2003 నుంచే అమ్ముతున్నారు వాటిని. ఆ తర్వాత పది రోజులు తిరక్కుండానే సీటు వాల్చిన గొడవలతో ఇంకో రెండు విమానాలు దారి మళ్లాయి.

అదే ఏడాది క్రిస్టొఫర్ బుకాఫుస్కో, క్రిస్టొఫర్ స్ప్రిగ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యులు ఓ సరదా సర్వే చేశారు. సీటు వాల్చకుండా ఉండాలంటే ఎంతిమ్మంటారని ముందువాళ్లను అడిగితే సగటున 41 డాలర్లన్నారు. వాల్చకుండా ఉంటే ఎంతిస్తారని వెనకవాళ్లను అడిగితే 18కి మించలేదు. బేరం కుదరదు. ప్రశ్న తిరగేశారు. ఆ జాగా వెనకవాళ్లదే, వాల్చాలంటే వాళ్ల దగ్గర కొనుక్కోవాలి అన్నారు. ఇప్పుడు ముందువాళ్లు 12 డాలర్లే ఇస్తామన్నారు, వెనకవాళ్లు 39కి తగ్గమన్నారు. జాగా ఎవరిదని చెబితే వాళ్లకు అది బంగారమైపోతోంది! ఆ తర్వాతదే అసలు ముచ్చట. డబ్బు మాట మాని, 'మీకో డ్రింకో, చిరుతిండో ఇప్పిస్తాను' అంటే నూటికి డెబ్భై మందికి పైగా వాల్చకుండా ఉంటామన్నారు. చిట్టిగిద్ద రైల్లో పల్లీల పొట్లం చేసే పనే ఇదీ.

రాసుకున్నవీ రాయనివీ

ఈ విషయంలో మన రైల్వే నయం. పంచాయితీ వచ్చేచోట కాగితం మీద రాసి పెట్టింది. మిడిల్ బెర్త్ ఎత్తి పడుకునే వేళ ఒకప్పుడు రాత్రి 9 నుంచి ఉండేది. 2017 ఆగస్టు చివర్లో దాన్ని రాత్రి 10 నుంచి ఉదయం 6 అని మార్చారు. మిగతా వేళల్లో కింది బెర్తు అందరి కూర్చునే సీటే. జబ్బుపడినవాళ్లు, వికలాంగులు, గర్భిణులు పడుకుంటే మాత్రం సహకరించమన్నారు. వికారాబాద్ మీదుగా రాత్రిపూట వెళ్లే రైళ్లలోనూ ఉదయం ఆరున్నరకు 'బెర్తు దించండి' అని అడగడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు. నియమం మనవైపు ఉంది.

ఆర్టీసీలో అయితే పల్లెవెలుగుకు ఈ బాధే లేదు, సీటు వాలితే కదా! 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చి ఆడవాళ్లకు ఉచితమయ్యాక సీటు దొరకడమే గగనమైంది. ఇబ్బందంతా పుష్‌బ్యాక్ సీట్లుండే సూపర్ లగ్జరీల్లో. తిరుపతి వెళ్లే రాత్రి బస్సు ఊరు దాటగానే సీట్లన్నీ వరసగా వాలిపోతాయి. వెనకాయన అరిస్తే బస్సు సిబ్బందిలో ఒకరు వచ్చి 'కొంచెం లేపండి సార్' అని ఇద్దరికీ మధ్యలో ఆపి పోతారు. దేశంలో అత్యధిక సీటు తగాదాలు తీర్చిన న్యాయమూర్తులు వాళ్లేనేమో.

విమానంలో కచ్చితంగా అమలయ్యే నియమం ఒక్కటే. ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ సీటు నిటారుగా ఉండాలి. అదీ మర్యాద కోసం పెట్టింది కాదు. ప్రమాదం జరిగితే సగం తలుపుల్లోంచే అందరూ 90 సెకన్లలో బయటపడగలరని నిరూపిస్తేనే పెద్ద విమానానికి అనుమతి ఇస్తారు. వాలిన సీటు వెనక వరస వాళ్లకు అడ్డం. భోజనం వేళ సీట్లు ఎత్తమని సిబ్బంది చెప్పడం మామూలే గానీ, కొన్నిసార్లు మరిచిపోతారు. మిగతా గంటలన్నీ ప్రయాణికుల దయాదాక్షిణ్యాలే.

కొన్ని కంపెనీలు గొడవెందుకని వాలడమే తగ్గించేశాయి. 2019లో అమెరికాకు చెందిన డెల్టా తన కొన్ని విమానాల్లో నాలుగు అంగుళాల వాలును రెండుకు కుదించింది. యూరప్‌లో అసలే వాలని సీట్లతో ఎగిరే చౌక విమానాలున్నాయి. ఆ డెల్టా అధిపతి ఎడ్ బాస్టియన్‌నే 2020లో ఈ ప్రశ్న అడిగితే, వాల్చే హక్కు ఉందంటూనే, వెనకాయన్ని ముందు అడిగి వాల్చడం పద్ధతి అన్నాడు. తాను మాత్రం వాల్చనన్నాడు. అంత పెద్ద కంపెనీ అధిపతి చెప్పినదీ, చిట్టిగిద్దలో నాలుగో మనిషి చెప్పేదీ ఒకటే. నోరు తెరిచి అడగడం!

పట్టపగలు గంటన్నర ప్రయాణానికి సీటు వాల్చడం నిజానికి దండగ. రాత్రి దీపాలు ఆర్పాక వాల్చడంలో తప్పేమీ లేదు, పద్నాలుగు గంటలు నిటారుగా కూర్చోమనడం వెనకవాళ్లకూ న్యాయం కాదు. కాకపోతే బొత్తం నొక్కేముందు ఒక్కసారి తల తిప్పి చూడాలి. ముడుచుకున్న మోకాళ్లో, ఒళ్లో పసిపిల్లో, తెరిచిన ల్యాప్‌టాపో కనిపిస్తుంది. చూశాక మెల్లగా, కొంచెం కొంచెంగా వాల్చాలి. వెనక ఉన్నవాళ్లూ పళ్లు నూరుకుంటూ ముందు సీటును మోకాళ్లతో పొడవడం మాని, భుజం మీద తట్టకుండా, పక్కకు వంగి ఓ మాట అడిగితే సగం గొడవలు పుట్టవు.

టికెట్ తీసే పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. అత్యవసర ద్వారం ముందు వరసలోని సీట్లు చాలా విమానాల్లో వాలవు. చిట్టచివరి వరసవీ అంతే, లేదా కొద్దిగానే వాలుతాయి. అమ్మకు అలాంటి సీటు తీసుకుంటే ఆమె వాల్చుకోలేదు, ఆమె ముందున్నవాళ్లు మాత్రం వాలుస్తారు. నడవ పక్క సీటైతే లేచి నడవడానికి వీలు. 'ఇబ్బంది పెట్టకు' అని ఎలాగూ చెబుతారు గనక, దాంతోపాటు ఇంకో మాట కూడా నేర్పి పంపండి. తల పైన మనిషి బొమ్మ ఉన్న బొత్తం నొక్కితే ఎయిర్‌హోస్టెస్ వస్తుంది. ముందు సీటు చూపించి, తన పళ్లెం చూపిస్తే చాలు, ఇంగ్లిష్ అక్కర్లేదు. పిలవడం తప్పు కాదు, ఆమె ఉద్యోగమే అది.

ఆర్నెల్లకు ఆ తల్లి తిరిగొస్తుంది. వచ్చిన వారం పది రోజులకు షుగర్ పరీక్షకో, పట్నంలో పెళ్లికో రైలెక్కుతుంది. బల్ల మీద అప్పటికే ముగ్గురున్నారు. సంచి చంకలో పెట్టుకుని వాళ్ల ముందు నిలబడుతుంది.

'జర జరుగున్రి బిడ్డా...'

జరుగుతారు.