మౌస్ ప్యాడ్ కొనేముందు మణికట్టుని అడగండి

స్పీడ్ ప్యాడా, కంట్రోల్ ప్యాడా అని గేమ్స్ ఆడే మిత్రులు తెగ వాదించుకుంటుంటారు. నన్నడిగితే ముందు చూసుకోవాల్సింది డీపీఐ. విండోస్‌లో యాక్సిలరేషన్ తీసేస్తే, 1600 డీపీఐ మౌస్‌తో 1920 పిక్సెళ్ళ స్క్రీన్ దాటడానికి దాదాపు 3 సెంటీమీటర్లు చాలు. 400 అయితే 12 కావాలి. మొదటిదానికి మణికట్టు తిప్పితే సరి, చిన్న ప్యాడ్ చాలు. రెండోదానికి చెయ్యంతా కదలాలి, 45 సెంటీమీటర్ల వెడల్పుంటే హాయి.

గట్టి ప్లాస్టిక్ ప్యాడ్ మీద మౌస్ సర్రున జారుతుంది. గుడ్డది అనుకున్నచోట ఆగనిస్తుంది. కాకపోతే మన ఉక్కపోతకి చెమట పీల్చుకుని మొరాయిస్తుంది, అప్పుడప్పుడు కడిగి ఆరబెట్టుకోవాలి.

ఇక జెల్ దిండు ఉన్నవి. మణికట్టు దానికి ఆనించి అదేపనిగా తిప్పితే లోపలి నరం మీద ఒత్తిడి పడుతుంది. గేమ్ ఓడిపోతే మళ్ళీ ఆడొచ్చు. తెల్లారి ఆఫీసులో కోడ్ రాయాల్సింది కూడా ఆ చేత్తోనే కదండీ!