గోడమీది పేరు

కిందటి ఆదివారం అబిడ్స్ కాలిబాటమీద పాత పుస్తకాలు తిరగేస్తుండగా ఒక క్రీడాపత్రిక చేతికి తగిలింది. అట్టమీద అజహరుద్దీన్, కాలరు పైకెత్తి. ఇటువంటి బొమ్మనే 2000లో మా గదిగోడమీంచి చింపి పారేశాను. అప్పటినుంచీ ఆయన విషయమై నాకూ నాకూ మధ్యనే తగవు.

ఆయన చదివిన ఆల్ సెయింట్స్ బడి అక్కడికి దగ్గరే. నాంపల్లి స్టేషనులో దిగి ఆ బడి మీదుగా నడిచిన రోజుల్లో, అది నా సొంత ఆస్తి అన్నంత గర్వంగా ఉండేది. 1984-85లో ఇంగ్లండుపై ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ మూడు శతకాలు! ఆఫ్ స్టంపు బయటి బంతిని మణికట్టు తిప్పి లెగ్ వైపుకు పంపడం చూసినవారికి వేరే వర్ణన అక్కరలేదు. 1996లో కలకత్తాలో దక్షిణాఫ్రికాపై 74 బంతుల్లో శతకం. మొత్తం 99 టెస్టులు, 6215 పరుగులు, 22 శతకాలు. చివరి టెస్టులోనూ శతకమే; నూరో టెస్టు మాత్రం రాలేదు.

2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై బోర్డు జీవితకాల నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టరీత్యా చెల్లదంది. కోర్టు తీర్పుతో నా మనసులోని ముడి విడిపోలేదు, నిజమే. కానీ తీర్పు వచ్చాక కూడా శిక్ష కొనసాగాలనడానికి నేనెవరిని?

ఉప్పల్ స్టేడియంలో స్టాండుకు ఆయన పేరు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో అంబుడ్స్‌మన్ ఆ పేరు తీసేయమన్నారు, హైకోర్టు ఆపింది. అక్కడి అభ్యంతరం ఫిక్సింగు కాదు. తాను సంఘాధ్యక్షుడుగా ఉన్నప్పుడు ఆ నిర్ణయంలో తానూ ఉండడం. ఈ రెంటినీ కలిపి మాట్లాడేవారితోనే నా పేచీ. పేరుకు ఆయన అర్హుడే అంటాను. అయితే ఆ మాట ఇతరులు అని ఉండవలసింది.

అదే ఏడు మే నెలలో, బేస్‌బాల్‌లో 4256 హిట్లు కొట్టి, పందేలు కాసినందుకు 1989లో బహిష్కృతుడైన పీట్ రోజ్ పేరును అమెరికాలో నిషిద్ధుల జాబితానుంచి తొలగించారు. అప్పటికి ఆయన చనిపోయి ఏడు నెలలు దాటింది. అంత ఆలస్యపు దయ ఎవరికోసమో!

పత్రిక ధర తగ్గించమన్నాను.

"అజ్జూ భాయ్ బొమ్మ ఉంది సాబ్, తగ్గదు" అన్నాడు దుకాణదారు.

అడిగినంతా ఇచ్చి తెచ్చుకున్నాను. గోడకు మాత్రం అంటించలేదు. బీరువాలో ఉంది.