ఎడమ కాలి పద్దు, కుడి కాలి పద్దు

నిలబడి పాఠం చెప్పడమే నా ఉద్యోగం. జూనియర్ కాలేజీలో పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా కూర్చునే తీరిక తక్కువ. కొన్నేళ్లకు ఎడమ పిక్క మీద నరం ఉబ్బి మెలికలు తిరిగింది. సాయంత్రానికి చీలమండ దగ్గర వాపు, బరువు. కుడి తొడ మీద మాత్రం ఎర్రగా, నీలంగా సన్నటి గీతలు. నొప్పి లేదు, వాపు లేదు. చూసినవాళ్లంతా రెండూ వేరికోస్ వెయిన్సే అన్నారు. ఖర్చు దగ్గరికి వచ్చేసరికి రెండు కాళ్లకూ రెండు వేర్వేరు పద్దులు రాసుకోవాల్సి వచ్చింది.

మొదట వెళ్లిన క్లినిక్‌లో స్కాన్ ఊసెత్తకుండానే రెండు కాళ్లకూ కలిపి ఇంజెక్షన్ల ప్యాకేజీ చెప్పారు. ఈఎంఐ సదుపాయం కూడా ఉందన్నారు. ఆలోచించుకుని చెబుతామని మావారూ నేనూ లేచి వచ్చేశాం. ప్యాకేజీ కన్నా ముందు డాప్లర్ స్కాన్‌కు డబ్బు పెట్టాలని ఆ రాత్రే తేల్చుకున్నాం. తర్వాతి ఖర్చులన్నిటికీ దారి చూపింది ఆ స్కానే.

నన్ను నిలబెట్టి స్కాన్ చేశారు. పిక్కను గట్టిగా నొక్కి వదిలారు. నొక్కినప్పుడు పైకి వెళ్లిన రక్తం కిందికి రాకుండా సిరలోని కవాటాలు ఆపాలి. ఎడమ కాల్లో చెయ్యి వదలగానే తెర మీద రంగు మారిపోయింది. రక్తం వెనక్కి జారుతూనే ఉంది. అలా అర సెకను దాటితే కవాటం పాడైనట్టు లెక్క. గజ్జల దగ్గర పెద్ద సిర కవాటమే లీకవుతోంది. కుడి కాల్లో కవాటాలన్నీ బాగున్నాయి.

"అమ్మా, పైన లీకు ఆపకుండా కింద ఎన్ని ఇంజెక్షన్లు చేసినా మళ్లీ ఉబ్బుతాయి" అన్నారు వాస్క్యులర్ సర్జన్. ట్యాంకు వాల్వు కారుతుంటే కింద నేల తుడుచుకుంటూ కూర్చున్నట్టే అది. ఈ ఇంజెక్షన్లలో పాలిడోకనాల్ లాంటి మందును సన్నటి సూదితో సిరలోకి ఎక్కిస్తారు. కాస్త పెద్ద సిరలకైతే ఆ మందును గాలితో కలిపి నురగ చేసి ఇస్తారు. మందు తగిలి లోపలి పొర దెబ్బతింటుంది, గోడలు అతుక్కుపోతాయి. మూసుకుపోయిన సిరను కొన్ని వారాల్లో, నెలల్లో శరీరమే కరిగించుకుంటుంది. రక్తం పక్కనున్న మంచి సిరల్లోకి మళ్లుతుంది.

ఎడమ కాలి ఖర్చు బీమా మీద వేశాం. చాలా పాలసీల్లో వేరికోస్ వెయిన్స్‌కు 24 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఏటా మానకుండా ప్రీమియం కట్టడం వల్ల మాది ఎప్పుడో దాటిపోయింది. అయితే బీమా వర్తించే డే కేర్ అంటే మత్తు ఇచ్చి ఆసుపత్రిలో చేసే చికిత్స. మామూలుగా ఓపీలో అయిపోయేది ఆ లెక్కలోకి రాదు. అందుకే స్కాన్ రిపోర్టు, వాపు గురించి డాక్టరు రాసిన కాగితం జతచేసి, ముందే అనుమతి తెప్పించుకున్నాం. లేజర్‌తో పెద్ద సిరను మూసి, మిగిలిన ఉబ్బులకు నురగ ఇంజెక్షన్ ఇచ్చారు. బిగుతు స్టాకింగ్స్ మాత్రం మా డబ్బుతోనే కొన్నాం. వాటి బిగుతు కొన్ని నెలల్లో తగ్గిపోతుంది కాబట్టి మళ్లీ కొనే ఖర్చునూ పద్దులో రాసుకున్నాను.

కుడి కాలిది అందం కోసం చేయించుకునే చికిత్స. దానికి బీమా రాదు. అప్పు చేయకూడదనుకుని, రికరింగ్ డిపాజిట్ చేతికొచ్చే దాకా ఆగాను. ఆ గీతల వల్ల ప్రమాదం లేదని స్కాన్ చెప్పింది కాబట్టి ఆగడానికి భయపడలేదు. సిట్టింగ్ ధర ఒక్కటే అడిగితే సరిపోదు. ఎన్ని సిట్టింగులు పట్టొచ్చు, మందు, స్టాకింగ్స్, తర్వాతి చెకప్ ఆ ధరలో కలిసే ఉన్నాయా అని అడిగి మొత్తం తెలుసుకోవాలి. గోధుమ రంగు మచ్చలు పడవచ్చనీ, అవి పోవడానికి నెలలు పట్టొచ్చనీ, కొన్నేళ్లకు కొత్త గీతలు రావచ్చనీ డాక్టరుగారు ముందే చెప్పారు. అందుకే సిట్టింగులన్నిటికీ ఒకేసారి కట్టకుండా, ఒకదాని ఫలితం చూశాకే తర్వాతిది చేయించుకున్నాను.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. పాత పన్ను విధానంలో 60 ఏళ్లలోపు వాళ్లకు మినహాయింపు దొరికేది ఆరోగ్య బీమా ప్రీమియానికి. హద్దు 25,000 రూపాయలు. ముందుజాగ్రత్త పరీక్షలకు 5,000 దాకా అందులోనే కలుస్తుంది. ఇంజెక్షన్ల బిల్లుకు మాత్రం రాదు.

దర్జీలు, వంటవాళ్లు, చీరల దుకాణాల్లో అమ్మాయిలు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు రోజంతా నిలబడే బతుకుతారు. కాళ్లలో నరాలు కనిపిస్తే వాళ్లు మొదటి డబ్బు స్కాన్ మీదే పెట్టాలి. ఇక యజమానులకు ఒక మాట. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. ఒక స్టూలు వేయడానికి ఏ యజమానీ చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. నేను కట్టిన బిల్లులన్నిటితో పోలిస్తే దాని ఖరీదు ఏపాటి?