గురి తప్పని కిరణం

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని అరసవల్లి ఉన్నది. అక్కడి సూర్యనారాయణస్వామి ఆలయాన్ని 7 వ శతాబ్దంలో దేవేంద్రవర్మ అనే కళింగరాజు కట్టించాడని చెబుతారు. కంటి జబ్బులు నయం కావాలని మొక్కుకుని ఎందరో అక్కడికి వస్తారు. మీరు కూడా వెళ్ళదలిస్తే మార్చి రెండవ వారంలో గాని, అక్టోబరు మొదటి రోజుల్లో గాని వెళ్ళండి. తెల్లవారకముందే లేచి, ఆలయం చేరుకోండి.

సూర్యుడు పైకి వస్తూండగా ఒక కిరణం వాకిలి దాటి, మండపం దాటి, గర్భగుడిలోకి పోయి స్వామి పాదాల మీద పడుతుంది. కొద్ది నిమిషాలే! తరవాత పక్కకు జరిగిపోతుంది.

ఇలా ఏడాదికి రెండుసార్లు ఎందుకు జరుగుతుంది? మార్చి 21 ప్రాంతానా, సెప్టెంబరు 23 ప్రాంతానా పగలూ రాత్రీ సమానంగా ఉంటాయి. అప్పుడు సూర్యుడు సరిగా తూర్పున ఉదయిస్తాడు. మొదటిదానికి సుమారు పదిరోజుల ముందూ, రెండవదానికి సుమారు పదిరోజుల తరవాతా తూర్పుకు రవంత దక్షిణంగా, ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. ఆలయం వాకిలి ఆ దారికి సరిగ్గా కుదిరింది.

అయితే ఆ పూట మబ్బు పట్టిందనుకోండి, వచ్చినవాళ్ళు ఉసూరుమంటూ తిరిగిపోవలసిందే. సూర్యకిరణం మన చేతిలో లేదు గదా! మరి మనిషి తానే ఒక కిరణాన్ని పుట్టించి, కోరినప్పుడు కోరిన చోట పడేట్టు చెయ్యగలడా? చెయ్యగలడు. అది తెలుసుకోవటానికి రైలెక్కుదాం.

ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషనులో ఎక్కితే పొందూరు, చీపురుపల్లి, విజయనగరం, కొత్తవలస దాటి విశాఖపట్నం చేరతాం. ఎక్స్‌రే ఫిల్ముల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తాతో, అమ్మో మీ పెట్టెలోనే ఉండవచ్చు. కాన్సరు వైద్యానికి ఈ రెండు జిల్లాల నుంచీ చాలామంది విశాఖ వెళతారు. అక్కడి అగనంపూడిలో హోమీభాభా కాన్సరు ఆసుపత్రి ఉన్నది.

ఇలాంటి ఆసుపత్రుల్లో లీనియర్ ఆక్సిలరేటర్ అనే యంత్రం ఉంటుంది. పొట్టిగా లినాక్ అంటారు. అది కణాలను తిన్నని దారిలో అంతకంతకూ వేగంగా పరిగెత్తిస్తుంది. ఈ రకం యంత్రాన్ని మొట్టమొదట 1928 లో రోల్ఫ్ విడరో అనే నార్వే దేశస్థుడు జర్మనీలో పనిచేయించి చూపాడు.

లోపల ఉన్నది గాలి తీసేసిన రాగి గొట్టం. దానిలో వరసగా చిన్న చిన్న గదులు, గదికీ గదికీ మధ్య బెజ్జం. ఒక కొసన ఎలక్ట్రాన్లు బయలుదేరుతాయి. గదుల్లో సెకనుకు సుమారు 300 కోట్ల సార్లు ఊగే విద్యుత్తరంగాలు వాటిని ముందుకు తోస్తాయి. కళింగపట్నం దగ్గర ఒడ్డుకు వచ్చే తెప్పను కెరటం తోస్తుంది చూడండి, అలాగన్న మాట. అదను తప్పితే కెరటం తెప్పను దాటిపోతుంది. అందుకని మొదట, ఎలక్ట్రాన్లు నెమ్మదిగా ఉన్నచోట, గదులు పొట్టిగా కడతారు. వేగం హెచ్చినకొద్దీ గదులు పొడుగవుతాయి. కాంతి వేగంలో నూటికి 99 వంతులు దాటాక వేగం ఇక పెద్దగా పెరగదు కనక ఆ పైన గదులన్నీ ఒకే కొలత. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుని చెదిరిపోతాయి. అవి చెదరకుండా, పక్కదారి పట్టకుండా అయస్కాంతాలు కాపలా కాస్తాయి. చివరకు అవి టంగ్‌స్టన్ రేకుకు కొట్టుకుంటే బలమైన ఎక్స్‌కిరణాలు పుడతాయి.

ఈ కిరణం గురి తప్పితే ఏమవుతుంది? 1956 లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రికి ఒక రెండేళ్ళ బాలుణ్ణి తెచ్చారు. కాన్సరు మూలాన వాడికి అప్పటికే ఒక కన్ను పోయింది. రెండవ కంటిలోనూ కాన్సరు ఉన్నది. కిరణం రవంత పక్కకు పోతే ఉన్న చూపు కాస్తా పోతుంది. హెన్రీ కెప్లన్ అనే డాక్టరు బరువైన సీసపు దిమ్మకు సన్నని బెజ్జం పెట్టి, కారును ఎత్తే జాకీతో ఆ దిమ్మను సరైన ఎత్తుకు లేపి, కిరణాన్ని గురిచూసి పంపాడు. ఆ కన్ను దక్కింది. ఆ బాలుడు పెరిగి పెద్దవాడయినా దాని చూపు నిలిచింది.

ఈ కిరణం కంటికి కనిపించదు. చెయ్యి అడ్డంపెట్టి చూడటానికి వీల్లేదు. మరి సరిగా ఉన్నదో లేదో ఎలా తెలుస్తుంది? దాని దారిలో పలచని పొరలు గల పెట్టె ఒకటి ఉంటుంది. కిరణం ఆ పొరలగుండా పోతూ రవంత విద్యుత్తు పుట్టిస్తుంది. పెట్టెను భాగాలుగా చేసి, కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత అని యంత్రమే లెక్క చూసుకుంటుంది. తేడా హద్దు మీరితే తనంతట తానే ఆగిపోతుంది. ఒక లెక్క తప్పినా రెండవది పట్టుకునేటట్టు ఇలాంటి కొలతలు రెండు, వేరువేరుగా సాగుతాయి.

అంతటితో సరిపోదు. రోజూ పొద్దున, మొదటి రోగి రాకముందే, కొలత పరికరం పెట్టి కిరణం బలాన్ని పరీక్షిస్తారు. అది ఉండవలసినదానికి నూటికి మూడు వంతులు మించి తేడా ఉంటే ఎవరినీ లోపలికి పిలవరు. మొదట యంత్రానికి వైద్యం, తరవాతే మనిషికి!

అరసవల్లి కిరణం కోసం మనం ఏడాదికి రెండుసార్లు తెల్లవారుజామున లేస్తాం. ఈ కిరణం కోసం కొందరు రోజూ లేస్తున్నారు. రైల్లో మీ పక్కన కూర్చున్న తాత వాళ్ళను ఎన్నడూ చూడకపోవచ్చు. అయినా ఆయన తిరుగు ప్రయాణం వాళ్ళ శ్రద్ధ మీద కూడా ఆధారపడి ఉన్నది.