శాన్ ఆంటోనియోలో మంచి మెక్సికన్ హోటల్ దొరకాలంటే ముందు మక్కల సంగతి అడగాలి



మన గ్రూపులోని ఒక సీనియర్ అక్క ఎమ్మెస్ చదవడానికి అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో పోతున్నది. రూము, బ్యాంకు, సిమ్‌కార్డు సంగతులు చెప్పేటోళ్ళు చాలామంది ఉన్నరు. తిండి సంగతి వచ్చేసరికి మాత్రం అందరూ ఒక్కటే చెప్తున్నరు. "ఇండియన్ స్టోర్ ఎక్కడుందో చూసుకో, మిగతాదంతా పిజ్జా, బర్గరే" అని. మాకు ఈ మాట నచ్చలేదు. అది మక్క రొట్టె తినే ఊరు. ఆ ఊర్ల సగం కంటే ఎక్కువ మంది లాటినోలు, వాళ్ళల్ల ఎక్కువ మంది మెక్సికో మూలాలున్నోళ్ళు. మక్క గటక, జొన్న రొట్టె తిని పెరిగినోళ్ళకు ఆ ఊరు అంత పరాయిది ఎట్లయితది? అందుకే మా హాస్టల్ రూములో ముగ్గురం కూసొని చదివినం, అక్కడ ముందే ఉంటున్న ఒక అన్నతో వీడియో కాల్లో మాట్లాడినం. తెలిసింది ఇక్కడ రాస్తున్నం. కొంచెం పెద్దగ ఉంటది, ఓపికతో చదవండి.

ముందుగా, మెక్సికన్ వేరు, టెక్స్‌మెక్స్ వేరు. బోర్డు మీద రెండూ ఒకే తీరుగ రాసి ఉండొచ్చు. ప్లేటు చూస్తే తెలుస్తది. పసుపు రంగు చీజ్ కరిగించి పోసి, జీలకర్ర వాసన గట్టిగ వస్తూ, గోధుమ పిండి రొట్టెలు, గొడ్డుమాంసం కూర, పక్కన అన్నం, మెదిపిన బీన్స్ ఉంటే అది టెక్స్‌మెక్స్. మక్క రొట్టె, తెల్లటి పచ్చి జున్ను, ఎండు మిరపకాయలు నానబెట్టి నూరి, ఇంకా ఎన్నో దినుసులు కలిపి చేసే 'మోలే' అనే కూర ఉంటే అది మెక్సికో లోపలి ప్రాంతాల వంట. బీన్స్‌లో చాలాచోట్ల పంది కొవ్వు వేస్తరు, అది తిననోళ్ళు ముందే అడగాలి.

మరి టెక్స్‌మెక్స్ అంటే నకిలీయా? చాలామంది అట్లనే అనుకుంటరు. బ్రిటన్‌లో పుట్టి మెక్సికోలో స్థిరపడ్డ డయానా కెన్నెడీ 1972లో మెక్సికో వంటల మీద పెద్ద పుస్తకం తెచ్చింది. అమెరికా హోటళ్ళలో అన్నీ కలిపి పెట్టే ప్లేటుకూ అసలు మెక్సికో వంటకూ సంబంధం లేదన్నట్టు గీత గీసింది. అప్పటి నుంచి టెక్స్‌మెక్స్ అనే మాటలో కొంచెం చిన్నచూపు కలిసింది.

చరిత్ర చూస్తే సంగతి వేరే. శాన్ ఆంటోనియో మొదలైంది 1718లో, అక్కడి ఆదివాసులను క్రైస్తవంలోకి మార్చడానికి స్పెయిన్ వాళ్ళు పెట్టిన మిషన్‌తో. ఆ తెగలను కోవహిల్టెకన్ అంటరు. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఆ ఊర్లనే ఉన్నరు. 1821లో ఆ నేల స్వతంత్ర మెక్సికోలో భాగమైంది. 1836లో టెక్సాస్ విడిపోయింది, 1845లో అమెరికాలో కలిసింది. ఇంట్ల పొయ్యి కదలలేదు, సరిహద్దే ఇంటి మీద నుంచి పోయింది. మన కొండల మీద కూడా గీతలు గీసిండ్రు కదా. ఒకే తెగ, ఒకే బంధుత్వం, సగం తెలంగాణలో, సగం మహారాష్ట్రలో. చంద్రపూర్ వైపు మన చుట్టాల వంట మహారాష్ట్ర రుచి పట్టిందని అది నకిలీ గోండు వంట అవుతదా? టెక్స్‌మెక్స్ కూడా అంతే. ఉన్నచోట దొరికినదాంతో వండుకున్న తిండి.

ఆ తిండిని ఊరికి పరిచయం చేసింది ఆడవాళ్ళు. 1880ల నాటికి శాన్ ఆంటోనియో మిలిటరీ ప్లాజాలో పొద్దుగూకితే మెక్సికన్ ఆడవాళ్ళు లాంతర్లు పెట్టుకొని, ఇంటి దగ్గర వండుకొచ్చిన మిరప మాంసం కూర, అంటే చిలీ కోన్ కార్నే, బల్లల మీద పెట్టి అమ్మేటోళ్ళు. వాళ్ళను 'చిలీ క్వీన్స్' అన్నరు. దూరం నుంచి వచ్చినోళ్ళు కూడా ఆ కూర కోసం ఎగబడేటోళ్ళు. మిలిటరీ ప్లాజాలో సిటీ హాలు కట్టినప్పుడు వాళ్ళు వేరే ప్లాజాలకు జరగాల్సి వచ్చింది. తర్వాత శుభ్రత పేరుతో ఆరోగ్య శాఖ నిబంధనలు పెట్టింది. 1940ల మొదట్లకు వాళ్ళ బల్లలు పూర్తిగ పోయినయ్. అదే కాలంలో ఆ రుచి మాత్రం బాగా అమ్ముడుపోయింది. విలియం గెబ్‌హార్ట్ అనే జర్మనీ వలసదారు 1890లలో మిరప పొడిని డబ్బాల్లో పెట్టి అమ్మి పెద్ద వ్యాపారం చేసిండు. 1977లో టెక్సాస్ ప్రభుత్వం ఆ చిలీ కూరనే రాష్ట్ర వంటకంగా ప్రకటించింది. కూరకు గౌరవం దక్కింది, కూర వండినోళ్ళకు బల్ల కూడా మిగల్లేదు.

మాంసం సంగతి కూడా ఇట్లనే. దక్షిణ టెక్సాస్‌ల పశువుల కాపరులకు కూలిలో భాగంగా దొరలకు పనికిరాని ముక్కలు ఇచ్చేటోళ్ళు. తలకాయ, పేగులు, డొక్క దగ్గరి గట్టి పొర. తలకాయను నెమ్మదిగా ఉడికిస్తే 'బార్బకోవా' అయింది. ఆ గట్టి పొరను నిప్పుల మీద కాల్చి, సన్నగా కోసి రొట్టెల చుడితే 'ఫహీతా' అయింది. 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెంజో అనే ఆమె తన రొట్టెల ఫ్యాక్టరీ పక్కన చిన్న హోటల్ పెట్టి ఇలాంటి కాల్చిన మాంసం టాకోలకు పేరు తెచ్చింది. ఇప్పుడు ఫహీతా అంటే చిటపటలాడే ఇనుప పెనం మీద వచ్చే ఖరీదైన ఐటం.

ఇగ అసలు పరీక్షకు వద్దాం. హోటల్ మంచిదా కాదా అని చెప్పేది మక్క రొట్టె. మెక్సికో ఆదివాసులు దాదాపు 9 వేల ఏళ్ళ కింద ఒక అడవి గడ్డి నుంచి మక్కలను సాగులోకి తెచ్చిండ్రు. మక్క, చిక్కుడు, గుమ్మడి ఒకే చేనులో కలిపి వేసేటోళ్ళు, మన పోడులో జొన్న, కంది కలిపి వేసినట్టు. ఎండిన మక్కలను సున్నం కలిపిన నీళ్ళల్ల ఉడికించి, రాత్రంతా నానబెట్టి, తెల్లారి కడిగి, రాతి మీద నూరుతరు. ఆ ముద్దను 'మాసా' అంటరు. ఈ పద్ధతికి పేరు నిక్స్‌టమలైజేషన్. సున్నం వల్ల మక్కలోని నయాసిన్ అనే విటమిన్ ఒంటికి పడుతది. యూరప్ వాళ్ళు గింజలు పట్టుకుపోయిండ్రు గానీ సున్నం సంగతి పట్టించుకోలేదు. దాంతో మక్కల మీదనే బతికిన ఇటలీ పేదలకు, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చి ఎంతోమంది చనిపోయిండ్రు. దక్కన్‌ల జొన్నల మీదనే బతికే పేదల్లో కూడా ఈ జబ్బు ఉండేది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్ దాని మీద పరిశోధన చేసిండు. చదువు రాదని ఎవరిని అన్నరో వాళ్ళ పొయ్యి దగ్గర అంత తెలివి ఉన్నది.

అందుకే అక్కా, హోటల్‌ల కూసోగానే అడుగు: రొట్టెలు ఇక్కడనే చేస్తరా? మక్కలు మీరే ఉడికిస్తరా, లేక ప్యాకెట్ పిండా? ప్యాకెట్ పిండితో కూడా మంచి రొట్టె చేసేటోళ్ళు ఉంటరు. అయితే మక్కలు తామే ఉడికించేటోళ్ళు మిగతా వంట కూడా ఓపికగా చేస్తరని అన్న చెప్పిండు. మంచి రొట్టెకు మక్క వాసన తెలుస్తది, పెనం మీద కొంచెం పొంగుతది, మడిస్తే పగలదు. బోర్డు మీద 'ఎచో ఎ మానో' అని ఉంటే చేత్తో చేసిందని అర్థం.

ఊరు నడిబొడ్డున నది ఒడ్డు మీద ఉన్నవి ఎక్కువగా టూరిస్టుల హోటళ్ళు. వెస్ట్ సైడ్, సౌత్ సైడ్ వైపు పో, పొద్దున పో. గుడ్డు, ఆలుగడ్డ పెట్టిన టాకో అక్కడోళ్ళ టిఫిన్. ఆదివారం బార్బకోవా తూకం మీద అమ్ముతరు, కుటుంబాలు వరుస కడతయ్. 'పఫీ టాకో' తప్పక తిను. పచ్చి మక్క ముద్దను ఒత్తి నూనెలో వేస్తే పూరీలా పొంగుతది, అది ఆ ఊరి సొంత వంట. మార్కెట్ స్క్వేర్‌ల 'మీ టియెర్రా' అనే హోటల్ 1941లో మూడు బల్లలతో మొదలైంది, ఇప్పుడు చాలా పెద్దది. ఆ పేరుకు 'నా నేల' అని అర్థం.

ఇదంతా మనకెందుకు అంటే, మన తిండి కూడా ఇదే దారిలో పోతున్నది. మా కాలేజీ ఫెస్ట్‌ల ఒక స్టాల్ పెట్టి బొంగులో చికెన్ అమ్మిండ్రు. అమ్మేటోళ్ళు గుస్సాడీ టోపీ లెక్క నెమలి ఈకల టోపీలు పెట్టుకున్నరు. బొంగు చికెన్ గోదావరి అడవుల వైపుది, గుస్సాడీ మా ఆదిలాబాద్ దండారి పండుగది, దేవుని మొక్కుతో పెట్టుకునే టోపీ. ఆ స్టాల్‌ల మన పిల్లలు ఒక్కరు లేరు. లైన్‌ల నిలబడ్డ దోస్తు ఒకడు "అసలైన ట్రైబల్ టేస్ట్ ఇదేనా?" అని మమ్ముల అడిగిండు. ఏం చెప్పాలె? రుచి బాగనే ఉన్నది. డబ్బులు ఎవరి చేతికి పోతున్నయ్ అని అడిగితే మాత్రం జవాబు వేరే. ఉట్నూరులో మన ఆడవాళ్ళ సంఘం ఇప్పపువ్వు లడ్డూలు చేసి తామే అమ్ముతున్నది. మాకు అసలైనది అంటే అది.

కాబట్టి ఊరు ఏదైనా అడగాల్సిన మాటలు రెండే: గింజ ఎక్కడిది, పొయ్యి దగ్గర ఉన్నది ఎవరు? అక్క అక్కడ అడిగి మనకు రాస్తది. మనం ఇక్కడ, ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు, అవ్వల దగ్గర కూసొని ఒక్కొక్క వంట పేరు మన భాషలనే, చేసే పద్ధతితో సహా, రాసుకొని రావాలె. డబ్బాల పెట్టి అమ్మేటోడు రాకముందే.