నవ్వురాని కార్టూన్

పుర్రె ఒకటి డెంటిస్టు కుర్చీలో కూర్చుంది. పన్ను కాదు, దవడ మొత్తం తీసెయ్యాల్సిందేనంటున్నాడు డాక్టరు. 1953లో ఇంగ్లండు ‘పంచ్’ పత్రికలో వచ్చిన కార్టూన్ ఇది. హైదరాబాద్‌లో డిగ్రీ చదివే రోజుల్లో లైబ్రరీలో చూశాను. మిత్రులు పగలబడి నవ్వారు. నాకు మాత్రం బాన్సువాడలో మా బడి అల్మరా గుర్తొచ్చి చెమటలు పట్టాయి.

ఆ పుర్రె పిల్ట్‌డౌన్ మనిషిది. ససెక్స్‌లో తవ్వితే దొరికిందంటూ చార్లెస్ డాసన్ అనే లాయరు తెచ్చిన ముక్కల్ని లండన్ మ్యూజియంలోని స్మిత్ వుడ్‌వర్డ్ నమ్మాడు. 1912లో ఇద్దరూ కలిసి లోకానికి చూపించారు. కోతికీ మనిషికీ మధ్య లంకె దొరికింది, అదీ ఇంగ్లండులోనే! రవి అస్తమించని సామ్రాజ్యం వాళ్లది. తొలి మనిషి కూడా మనవాడే అంటే ఎవరికి చేదు? 41 ఏళ్లు నడిచిందా ముచ్చట. 1953లో పరీక్షిస్తే పుర్రె మనిషిది, దవడ ఒరాంగుటాన్‌ది. పళ్లు ఆకురాయితో అరగదీసి, పాతగా కనబడేలా రంగు పట్టించారు. మ్యూజియం ధర్మకర్తల మీద పార్లమెంటులో అవిశ్వాస తీర్మానం దాకా వెళ్లింది గొడవ. కార్టూనిస్టులకు పండగే.

రంగు పట్టించడం నాకు తెలిసిన విద్యే. ఎనిమిదో తరగతిలో సైన్స్ ఎగ్జిబిషన్ కోసం ఓ పశువు ఎముకను రెండు రాత్రులు టీ డికాషన్‌లో నానబెట్టి, పొయ్యి బూడిద రుద్దాను.

“ఏడ దొరికిందిరా?” అన్నారు సారు.

“మంజీర ఒడ్డుకు సార్, ఇసుకల.”

ఫస్ట్ ప్రైజు నాకే. ఎముక అద్దాల అల్మరా ఎక్కింది. నా పక్క బెంచీవాడు ఆదిలాబాద్ వైపు మేనమామ ఊరినుంచి నత్తగుల్లలు పొదిగినట్టున్న రాయి తెచ్చాడు. అక్కడ లావా పొరల మధ్య కోట్ల ఏళ్లనాటి నత్తల శిలాజాలు దొరుకుతాయని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. “గీ రాయి ఎందుకురా?” అని సారు పక్కన పెట్టించారు.

పిల్ట్‌డౌన్ కథలోనూ అలాంటి రాయి ఒకటుంది. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో ఓ పిల్ల పుర్రె బయటపడింది. అసలైనది. రేమండ్ డార్ట్ ఎంత మొత్తుకున్నా లండన్ పెద్దలు అదేదో కోతిపిల్లదని కొట్టిపారేశారు. పెద్ద మెదడున్న పిల్ట్‌డౌన్ దొర ఇంట్లో ఉండగా, చిన్న మెదడున్న ఆఫ్రికా పిల్ల ఎవరికి కావాలి? నేను చూసిన కార్టూన్లలో దవడ ఉంది. ఆ పిల్ల లేదు.

సారు పోయి చాలా కాలమైంది, ఇక ఆయనకు చెప్పే వీల్లేదు. మొన్న దసరాకు బాన్సువాడ వెళ్లినప్పుడు మిత్రుడికి మాత్రం చెప్పేశాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

“ఆనాడు సారు నాదిక్కు సూడనన్న సూడలేదురా” అన్నాడు చివరికి.

“ఆ రాయేమైంది?”

“ఇంట్లనే ఉంది. మా అమ్మ తొక్కు జాడి మీద బరువు పెడ్తది. సూస్తవా?”